ధ్రువపత్రం ఎనిమిదో ఏట. మరి గుర్తింపు ఎప్పుడు?

ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు రెండేళ్లు గడిచినా కూడబలుక్కుని కూడా చదవలేకపోతే మన ఇళ్లలో, బడుల్లో సాధారణంగా మూడు మాటలు వినిపిస్తాయి. ‘శ్రద్ధ లేదు’, ‘ఇంకా చిన్నవాడే, అదే వస్తుందిలే’, ‘వీడికి చదువు అబ్బదు’. మొదటి మాట పిల్లవాణ్ని దోషిని చేస్తుంది. రెండోది కాలం మీద భారం వేస్తుంది. మూడోది ఏకంగా తీర్పు చెప్పేస్తుంది. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఈ మూడింటిలోనూ లేదు. వీడు ఎక్కడ ఆగుతున్నాడు? ఏ అక్షరం దగ్గర, ఏ గుణింతం దగ్గర, ఏ ఒత్తు దగ్గర?

గ్రూప్స్, సివిల్స్ అభ్యర్థులుగా మనం ఈ అంశాన్ని చట్టం వైపు నుంచే ఎక్కువగా చదువుతాం. 2016 చట్టంలో 21 వైకల్యాలు, వాటిలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ అని నోట్సులో నాలుగు పాయింట్లు రాసుకుని పేజీ తిప్పేస్తాం. కానీ ఆ చట్టం ఫలం అందాల్సిన పిల్లవాడు ముందు ఎవరో ఒకరి కంట పడాలి. అది జరగాల్సింది సచివాలయంలో కాదు, ఆస్పత్రిలోనూ కాదు. ఒకటి, రెండు తరగతుల గదుల్లో, సాయంత్రం ఇంట్లో హోంవర్కు దగ్గర జరగాలి.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గుర్తించడం వేరు, ధ్రువీకరించడం వేరు. ధ్రువీకరణకు వయసు, వైద్యుడు, కాగితం కావాలి. గుర్తించడానికి పక్కన కూర్చుని ఓపికగా వినే పెద్దమనిషి ఒకరు చాలు. మనం గుర్తింపును ధ్రువీకరణ కోసం ఆపుతున్నాం. ఆ ఆగిన రెండు మూడేళ్లలో పిల్లవాడు చదువు మీదే కాదు, తన మీద కూడా నమ్మకం పోగొట్టుకుంటున్నాడు.

చట్టం ఏం చెబుతోంది?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి. చదవడంలో, రాయడంలో, లెక్కల్లో వచ్చే ప్రత్యేక ఇబ్బందులకు అందులో చోటు లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఆ లోటు తీర్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లో ఉంది. ఈ చట్టంలోని సెక్షన్ 16, పిల్లల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా కనిపెట్టి, అందుకు తగిన బోధన పద్ధతులు చేపట్టే బాధ్యతను విద్యాసంస్థల మీద పెట్టింది. బడి పిల్లల్లో వైకల్యాలను గుర్తించడానికి అయిదేళ్లకోసారి సర్వే జరపాలని సెక్షన్ 17 చెబుతోంది.

ఆ తర్వాత 2018 జనవరిలో కేంద్రం వైకల్య నిర్ధారణ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం మూడో తరగతిలో గానీ, ఎనిమిదేళ్ల వయసులో గానీ, ఏది ముందైతే అప్పుడు ఉపాధ్యాయులు పిల్లలను స్క్రీనింగ్ చేయాలి. ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండినవారికే ఇస్తారు. 14వ ఏట, 18వ ఏట మళ్లీ పరీక్షించాలి. పిల్లల వైద్యుడు చూపు, వినికిడి, నాడీ సంబంధ లోపాలు లేవని చూడాలి. సైకాలజిస్టు తెలివితేటల స్థాయిని చూసి, తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షలు పెట్టాలి.

ఎనిమిదేళ్ల నిబంధనకు కారణం ఉంది. అయిదారేళ్ల పిల్లల్లో వేగం తేడాలు సహజం. తొందరపడి వైకల్యం అని ముద్ర వేస్తే ఆ ముద్ర జీవితాంతం వెంటాడవచ్చు. కాబట్టి ధ్రువపత్రం విషయంలో ఆగడం సబబే. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ధ్రువపత్రానికి పెట్టిన ఈ అంకె ఆచరణలో గమనించడానికి కూడా హద్దుగా మారిపోయింది. ‘మూడో తరగతికి వచ్చాక చూద్దాం’ అన్న మాటకు ఒక అధికారిక సాకు దొరికింది.

మరోపక్క 2021 జులై 5న మొదలైన నిపుణ్ భారత్ మిషన్, 2026-27 నాటికి ప్రతి పిల్లవాడూ మూడో తరగతి ముగిసేసరికి అర్థం చేసుకుని చదవగలగాలని లక్ష్యం పెట్టుకుంది. చదవడం పూర్తిగా రావలసిన తరగతీ మూడే, రావడం లేదని మొదటిసారి పరీక్షించే తరగతీ మూడే! పరీక్ష రోజున పుస్తకం చేతికిచ్చినట్టుంది ఇది. పైగా పరిసరాల విజ్ఞానం వచ్చేదీ, లెక్కల్లో మాటల లెక్కలు పెరిగేదీ ఆ దశలోనే. చదవలేనివాడు అక్కడి నుంచి అన్ని సబ్జెక్టుల్లోనూ వెనకబడతాడు. మూల కారణం ఒక్కటే అయినా మార్కుల జాబితాలో మాత్రం అన్నిట్లోనూ తప్పినట్టు కనిపిస్తాడు.

ఇది తెలివికి సంబంధించిన లోపం కాదు

డిస్లెక్సియా అనే మాటను జర్మన్ నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ 1887లో వాడుకలోకి తెచ్చాడు. 1896లో ఇంగ్లండ్ వైద్యుడు ప్రింగిల్ మోర్గాన్ పద్నాలుగేళ్ల కుర్రవాడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. కళ్లు బాగున్నాయి, తెలివి చురుకుగా ఉంది, లెక్కలు చేస్తాడు, కానీ చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు. చదువంతా నోటితోనే చెప్పేదైతే బడిలో అందరికన్నా చురుకైనవాడు ఇతనే అయ్యేవాడని అతని ఉపాధ్యాయుడు అన్నాడట.

నూట పాతికేళ్ల తర్వాత కూడా ఇంతకన్నా మంచి ఆనవాలు దొరకదు. వింటే అర్థమవుతుంది, చదివితే అర్థం కాదు. కథ చెబితే కళ్లింత చేసుకుని విని, మర్నాడు తిరిగి చెప్పే పిల్లవాడు అదే కథను పుస్తకంలో చూసి రెండు వాక్యాలు దాటలేకపోతే, ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే మనం గమనించాల్సింది. మాటలోని ధ్వనులను విడదీసి ఒక్కో ధ్వనినీ ఒక్కో గుర్తుకు ముడిపెట్టడం అనే పని ఆ మెదడుకు కష్టంగా ఉంది. ఇంట్లో తల్లికో తండ్రికో చిన్నప్పుడు ఇదే ఇబ్బంది ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. పెంపకం లోపం వల్ల ఇది రాదు, దెబ్బలతో పోదు.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రామాణిక గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం చదవడం, రాయడం, లెక్కలు కలిపి చూస్తే వేర్వేరు భాషల్లో, సంస్కృతుల్లో బడి వయసు పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందికి ఇలాంటి అభ్యసన ఇబ్బందులు ఉంటాయి. ముప్పై మంది ఉన్న తరగతిలో కనీసం ఒకరిద్దరు అన్నమాట. అంటే ఇది మారుమూల ఎక్కడో ఒక బిడ్డకు వచ్చే అరుదైన విషయం కాదు. ప్రతి టీచరుకూ ప్రతి ఏడూ ఎదురయ్యే విషయం.

తెలుగులో ఆనవాళ్లు ఎలా ఉంటాయి?

ఈ అంశం మీద మనకు దొరికే సమాచారంలో ఎక్కువ భాగం ఇంగ్లిష్ చదివే పిల్లలను చూసి రాసింది. ‘బి’ని ‘డి’గా చదవడం, స్పెల్లింగు తారుమారు కావడం అనే లక్షణాలే అందరికీ తెలుసు. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ సినిమా కూడా మన మనసులో అదే బొమ్మ వేసింది. ఆ సినిమా చేసిన మేలు తక్కువేమీ కాదు. కానీ మన లిపి వేరు. ఆనవాళ్లూ వేరే చోట ఉంటాయి.

ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు. వాటి పలుకుబడే గందరగోళం. తెలుగులో పలుకుబడి సూటిగా ఉంటుంది; కానీ అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిసి వందల రూపాలు. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షర రూపాలన్నీ పట్టుబడడానికి మామూలు పిల్లలకే ప్రాథమిక తరగతుల్లో కొన్నేళ్లు పడుతుందని చూపింది. తెలుగు, కన్నడ లిపుల దగ్గరితనం తెలిసినవారికి ఇది మనకూ వర్తించే మాటేనని అర్థమవుతుంది. కాబట్టి ఒకటో తరగతిలో ఒత్తులు రాకపోవడం ఆనవాలు కాదు. ఏ వయసుకు ఏది రావాలో తెలిసి చూడాలి.

బడికి రాకముందు, అంటే నాలుగైదేళ్లప్పుడు, చెవితోనే ఆనవాళ్లు పట్టుకోవచ్చు. ‘మామిడి’ అన్న మాటకు మూడు చప్పట్లు కొట్టమంటే తోటి పిల్లలు రెండు మూడు రోజుల్లో ఆటగా నేర్చుకుంటారు. ‘మామిడి’లో ‘మా’ తీసేస్తే ఏం మిగులుతుందంటే కొంచెం ఆలోచించి ‘మిడి’ అంటారు. అంత్యాక్షరి ఆటలో మాట చివరి అక్షరం పట్టుకోవడమూ ఇలాంటిదే. ఎన్నిసార్లు ఆడించినా ఒక బిడ్డకు ఇది అందకపోతే, రంగుల పేర్లూ వారాల పేర్లూ తెలిసి కూడా నోటికి రావడానికి చాలాసేపు పడుతుంటే, మాటలు బాగా ఆలస్యంగా వచ్చి ఉంటే, ఆ బిడ్డ మీద కాస్త ఎక్కువ దృష్టి పెట్టాలి. ఇవి రోగ లక్షణాలు కావు. దృష్టి పెట్టమని చెప్పే సూచనలు మాత్రమే.

ఒకటో తరగతిలో చూడాల్సింది వరస తప్పించినప్పుడు ఏమవుతుందో. ‘తలకట్టిస్తే క, దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి’ అని రాగం తీస్తూ గుణింతం మొత్తం ఒప్పజెప్పే పిల్లవాడు, మధ్యలో ‘కొ’ మీద వేలు పెట్టి ఇదేమిటంటే మళ్లీ మొదటి నుంచి రాగం అందుకుని అక్కడికి రావలసి వస్తోందా? ఏడాది చివరిదాకా ఇలాగే ఉంటే అది అక్షరజ్ఞానం కాదు, పాట జ్ఞాపకం.

రెండో తరగతిలో పొట్టి, పొడుగు అచ్చుల దగ్గర, ఒత్తుల దగ్గర ఆనవాళ్లు కనిపిస్తాయి. కలం–కాలం, మెడ–మేడ, కొన–కోన, గుడి–గుడ్డి, గడి–గడ్డి. నోటితో చెబితే తేడా చక్కగా తెలుసు, మెడ చూపిస్తాడు, మేడ చూపిస్తాడు. కాగితం మీద రెండూ ఒకటే. ద, ధ, థలు. ప, వ, షలు పదే పదే కలిసిపోతుంటాయి. ఇవన్నీ నేర్చుకునే దశలో అందరూ చేసే పొరపాట్లే. తేడా ఏమిటంటే మిగిలినవారిలో నెల నెలకూ తగ్గుతాయి, ఈ పిల్లవాడిలో తగ్గవు.

మూడో తరగతికి వచ్చేసరికి ఆనవాలు తప్పుల రూపంలో కాక నెమ్మది రూపంలో కనిపించవచ్చు. ఇటాలియన్, జర్మన్ లాంటి, పలుకుబడి సూటిగా ఉండే భాషల్లో జరిగిన పరిశోధనలు చెప్పేది ఇదే. అక్కడి డిస్లెక్సియా పిల్లలు చాలావరకు సరిగ్గానే చదువుతారు, కానీ మరీ నెమ్మదిగా చదువుతారు. తెలుగులోనూ అక్షరం అక్షరం ఏరుకుంటూ తప్పు లేకుండా వాక్యం చివరికి చేరుతాడు. ఆ సరికి మొదట ఏముందో మరిచిపోతాడు. తప్పుల్లేవు కాబట్టి టీచరుకు అనుమానం రాదు. అర్థం చెప్పలేడు కాబట్టి ‘బుర్ర లేదు’ అంటారు.

వీటన్నిటికన్నా మోసం చేసేది బట్టీ. సాయంత్రం పూట నేను చదువు చెప్పే పిల్లల్లో రెండో తరగతి అమ్మాయి ఒకతి తెలుగు పాఠం గడగడా చదివేది. వేలు మాత్రం రెండు లైన్లు వెనకబడి ఉండేది. పాఠంలో ఉన్న మాటనే విడిగా పలక మీద రాస్తే తెలియలేదు. నెలల తరబడి వినికిడితో పాఠాలన్నీ కంఠతా పెట్టి అందరి ముందూ నెట్టుకొచ్చింది. ఎంత తెలివి ఉంటే ఆ పని చేయగలదు! ఇలాంటి పిల్లలను పట్టుకోవాలంటే పాఠం మొదటి నుంచి కాదు, ఎప్పుడూ చూడని పేజీ మధ్య నుంచి చదివించాలి.

ప్రవర్తనలోనూ కొన్ని సూచనలు ఉంటాయి. చదివే వంతు వచ్చేసరికి మంచినీళ్లకు వెళ్తానంటాడు. తెలుగు పీరియడ్ ఉన్న ఉదయమే కడుపునొప్పి అంటాడు. లేదా అందర్నీ నవ్వించి ఆ పూట గట్టెక్కుతాడు. అల్లరివాడనిపించుకోవడం మొద్దు అనిపించుకోవడం కన్నా నయమని ఆ చిన్న బుర్రకు అప్పుడే తెలిసిపోయింది.

ఏవి ఆనవాళ్లు కావు?

అయిదారేళ్ల పిల్లలు అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి రాయడం మామూలే. ఎడమచేతి వాటం లోపం కాదు. చేతిరాత బాగోలేనంత మాత్రాన చదవడంలో ఇబ్బంది ఉన్నట్టు కాదు.

ముందుగా తేల్చుకోవాల్సినవి కళ్లు, చెవులు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిశీలించాల్సిన 30 సమస్యల్లో చూపు, వినికిడితో పాటు అభ్యసన లోపం కూడా ఉంది. అనుమానం ఉన్న పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపే ఏర్పాటూ అందులోనే ఉంది. బడికి వైద్యబృందం వచ్చినప్పుడు ఈ పిల్లవాడు చదవలేకపోతున్నాడని చెప్పాల్సింది టీచరే.

రెండోది ఇంటి భాష. లంబాడీ, కోయ, గోండి, సవర, ఉర్దూ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన బిడ్డకు తెలుగు వాచకమే కొత్త భాష. ఆ బిడ్డ తడబాటు భాష తెలియక వచ్చింది. దానికి వైకల్యం అని పేరు పెట్టడం అన్యాయం. మూడోది హాజరు. కుటుంబంతో ఇటుక బట్టీలకో, మిరప కోతలకో వెళ్లి ఏటా మూడు నాలుగు నెలలు బడికి దూరమయ్యే పిల్లవాడికి కావలసింది పాఠం, పరీక్ష కాదు.

ఇంగ్లిష్ మీడియం వల్ల ఇంకో చిక్కు వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ బడులు కూడా ఇంగ్లిష్ మీడియం వైపు వెళ్లాక, చదవలేని పిల్లవాడి గురించి ‘ఇంట్లో ఇంగ్లిష్ లేదు కదా’ అని సరిపెట్టుకోవడం సులువైంది. దీనికి ఒక మోటు కొలత ఉంది. తెలుగు బాగానే చదువుతూ ఇంగ్లిష్‌లో మాత్రమే తడబడితే ముందు బోధనను సరిచూసుకోవాలి. తెలుగు ఇంటి భాష అయి, రోజూ బడికి వస్తూ, రెండు లిపుల్లోనూ ఒకే రకంగా ఆగిపోతుంటే, అప్పుడు పిల్లవాడి ఇబ్బంది వేరు.

గుంపులో కనిపించని పిల్లవాడు

అసర్ 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27.1 శాతం. 2022లో ఇది 20.5 శాతం ఉండేది కాబట్టి మెరుగుపడిన మాట నిజమే. అయినా నలుగురిలో దాదాపు ముగ్గురు చదవలేకపోతున్నారు. అయిదో తరగతిలో కూడా ఆ పాఠం చదవగలిగినవారు 48.8 శాతమే.

ఈ అంకెలను మనం సాధారణంగా బోధన నాణ్యత గురించి రాసే సమాధానంలో వాడతాం. వీటిలో ఇంకో అర్థం ఉంది. తరగతిలో ముక్కాలు మంది చదవలేకపోతే, ప్రత్యేక ఇబ్బంది ఉన్న పిల్లవాడు ఆ గుంపులో కనిపించడు. అందరికీ పాఠం సరిగా అందినప్పుడే, అయినా ఆగిపోయిన ఒకరిద్దరు బయటపడతారు. కాబట్టి పునాది అక్షరాస్యత ఒక పథకం, అభ్యసన వైకల్యాల గుర్తింపు ఇంకో పథకం అని రెండు ఫైళ్లు పెట్టుకోవడం తప్పు. మొదటిది సరిగా జరగడమే రెండోదానికి తొలి మెట్టు.

ఆలస్యానికి ఇప్పుడు ధర పెరిగింది కూడా. 2024 డిసెంబరులో కేంద్రం విద్యాహక్కు నిబంధనలను సవరించింది. అయిదు, ఎనిమిది తరగతుల్లో తప్పిన పిల్లలకు రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టి, అప్పుడూ తప్పితే అదే తరగతిలో ఉంచే వీలు కేంద్ర ప్రభుత్వ బడులకు వచ్చింది. గుర్తింపు లేని పిల్లవాడిని అదే తరగతిలో, అదే పద్ధతిలో ఇంకో ఏడాది కూర్చోబెడితే వచ్చేది చదువు కాదు, సిగ్గు. చివరికి బడి మానేయడం.

అభ్యంతరాలు

‘అందరికీ పేర్లు పెట్టేస్తారు’ అన్నది మొదటి అభ్యంతరం. నిజమైన భయమే. అందుకే గుర్తింపు దశలో పేరు పెట్టనక్కర్లేదు అంటున్నాను. డీఎస్ఎం-5 కూడా, ఇబ్బందికి తగిన సాయం అందించాక కూడా కనీసం ఆరు నెలలు అది కొనసాగితేనే అభ్యసన లోపంగా పరిగణించమంటుంది. అంటే సాయం ముందు, పేరు తర్వాత. మన దగ్గర వరస తలకిందులైంది. పేరు ఉంటే గానీ సాయం లేదు.

‘కొందరు పిల్లలు ఆలస్యంగా అందుకుంటారు, ఆగితే తప్పేమిటి’ అన్నది రెండోది. ఆలస్యంగా అందుకునేవారు ఉంటారు. అలాంటి పిల్లవాడికి రోజూ పది నిమిషాలు ఎక్కువ చదివిస్తే నష్టం ఏమీ లేదు. నిజంగా ఇబ్బంది ఉన్నవాడికి ఆ పది నిమిషాలు ఇవ్వకపోతే నష్టం పూడ్చలేనిది. ఏ వైపు పొరబడినా ఫర్వాలేదో ఇక్కడ తేలికగానే తెలుస్తుంది.

‘టీచర్లకు ఇప్పటికే సర్వేలు, యాప్‌లు, ఎన్నికల పనులు’ అన్నది మూడోది. ఇది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. వైకల్యాల తొలి పరిశీలనకు ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రశస్త్ అనే యాప్ తెచ్చింది. మంచిదే. కానీ యాప్‌లో టిక్కు పెట్టాక ఆ పిల్లవాడి దగ్గరకు ఎవరు వస్తారన్న ప్రశ్నకు జవాబు లేకపోతే అదీ ఇంకో డేటా ఎంట్రీ పని అయిపోతుంది. రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021లో ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి పది మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలంది. ఆ పోస్టులను గుర్తించి నోటిఫై చేయమని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది.

ఏం చేయాలి?

మొదటిది, వినడం. ఒకటి, రెండు తరగతుల్లో ప్రతి పిల్లవాడు నెలకోసారి మూడు నిమిషాలు టీచరు పక్కన కూర్చుని కొత్త పేజీ చదవాలి. ముప్పై మందికి నెలలో తొంభై నిమిషాలు. ఎక్కడ ఆగాడో నోటుపుస్తకంలో ఒక లైను రాసుకుంటే చాలు. మూడు నెలల లైన్లు వరసగా చూస్తే కదలిక ఉందో లేదో తెలిసిపోతుంది. కొత్త యాప్ కన్నా ఇది చౌక. కొత్త జీవో లేకుండానే మొదలుపెట్టవచ్చు.

రెండోది, తెలుగుకు తగిన కొలబద్ద. హరియాణాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో భారతీయ భాషల కోసం ‘డాలీ’ అనే డిస్లెక్సియా పరీక్షను విడుదల చేసింది. అందులో ఒకటి, రెండు తరగతులకు విడిగా స్క్రీనింగ్ ఉంది. తొలి విడతలో వచ్చినవి హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్. నిమ్హాన్స్ పరీక్షల్లోనూ అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలకు ప్రత్యేక స్థాయి ఉంది. ఎనిమిదేళ్ల లోపు చూడడం అసాధ్యమేమీ కాదని ఇవే చెబుతున్నాయి. రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన మండళ్లు కలిసి, ఏ వయసుకు ఏ గుణింతం, ఏ ఒత్తు వచ్చి ఉండాలో మన పిల్లల మీదే కొలిచి ప్రతి టీచరుకూ ఒక పేజీ ఇవ్వాలి. ఒక భాషకు రెండు కొలతలు అక్కర్లేదు.

మూడోది, ఉన్న వ్యవస్థను వాడుకోవడం. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు, వాటిలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. పైకి కనిపించే వైకల్యాలున్న పిల్లలకు అవి తెలుసు. పైకి ఏమీ కనిపించని ఈ పిల్లలకూ వాటి తలుపు తెరవాలి. వారానికో రోజు ఆ ఉపాధ్యాయులు బడికే వస్తే ఇంకా మంచిది.

నాలుగోది, బోధన. ఈ పిల్లలకు కావలసింది అదే పాఠం ఇంకోసారి గట్టిగా చెప్పడం కాదు. ధ్వనిని విడదీసి, గుర్తుతో ముడిపెట్టి, ఒక మెట్టు వచ్చాకే ఇంకో మెట్టు ఎక్కించడం. చూస్తూ, వింటూ, వేలితో దిద్దుతూ ఒకేసారి నేర్పడం. అక్షరాభ్యాసం రోజు పళ్లెంలో బియ్యం పోసి పిల్లల వేలు పట్టి దిద్దించే అలవాటు మనకు ఉంది. ఆ ఒక్క రోజుతో ఆపకపోతే అదే మంచి పద్ధతి.

అయిదోది, శిక్ష మానడం. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. చదవలేని పిల్లవాణ్ని తరగతి ముందు నిలబెట్టి చదివించడం ఆ రెండోదాని కిందకే వస్తుందని నా అభిప్రాయం.

ముగింపు

వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసు మనందరికీ తెలిసిందే. రాయడానికి చేయి సహకరించని అభ్యర్థికి సహాయకుణ్ని ఇవ్వడం దయ కాదు, సమానత్వంలో భాగమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 40 శాతం వైకల్య ధ్రువపత్రం ఉంటేనే ఆ సౌకర్యం అన్న వాదనను తోసిపుచ్చింది. పరీక్ష హాలు గుమ్మం దగ్గర ఒప్పుకున్న ఈ సూత్రాన్నే ఒకటో తరగతి గుమ్మం దగ్గర కూడా ఒప్పుకోవాలి. కాగితం కన్నా అవసరం ముందు. రెండో తరగతిలో ఆగిపోయిన పిల్లవాడు ఆ హాలు దాకా రానే రాడు. అతని కేసు ఏ కోర్టులోనూ నమోదు కాదు.

రేపు మనలో కొందరు ఎంఈవోలుగా, ఆర్డీవోలుగా, కలెక్టర్లుగా బడి తనిఖీకి వెళ్తాం. హాజరు పట్టిక, మధ్యాహ్న భోజనం రికార్డు చూస్తాం. చూడాల్సిందే. దానితో పాటు రెండో తరగతిలో చివరి వరసలో కూర్చున్న పిల్లవాడి పక్కన కూర్చుని, చూడని పేజీ ఒకటి తీసి, నాలుగు లైన్లు విందాం. ఎక్కడ ఆగాడో టీచరును అడుగుదాం. ఆ ప్రశ్నకు ప్రతి బడిలో జవాబు సిద్ధంగా ఉన్న రోజున సెక్షన్ 16 అమలైనట్టు.

సాధన ప్రశ్న: ‘అభ్యసన వైకల్యాల విషయంలో మన విధానం ధ్రువీకరణ మీద పెట్టిన శ్రద్ధ గుర్తింపు మీద పెట్టలేదు.’ పునాది అక్షరాస్యత లక్ష్యాల నేపథ్యంలో చర్చించండి. (250 పదాలు)